లేపిన వేలు

కార్వాన్ బస్తీల గడియారాలు బాగుచేసే ఒక పెద్దమనిషి, ఆదివారం పొద్దున మమ్మల్ని కొంతమందిని అడవికి తీస్కపోయి పిట్టల్ని చూపిస్తుండె. ఆయన వేలు లేపితే అందరం గప్‌చుప్. "ముందుగాల చెవులతోని ఎతకాలె భాయ్, తర్వాతనే కండ్లతోని," అంటుండె.

పగటిపూట కూసే అరుదైన అడవి గుడ్లగూబను చూద్దామని మూడేండ్లు ఆయన ఎంబడి తిరిగిన. ఆఖరుసారి పోయిన్నాడు అది మా నెత్తిమీది కొమ్మలకెల్లే కూసింది. అందరం విన్నం. ఆయన వేలు మాత్రం దిగలే. మళ్ల కూసింది.

"ఇయ్యాల పలుకుతలేదు, పోదాం పాండ్రి," అన్నడు.

ఒక్కరం గూడ తల ఎత్తి కొమ్మల దిక్కు చూడలే. ఆయన ఎనకాలనే నడిచినం.

వ్యాన్‌ల నా చేతికున్న కీ గడియారం అడిగి తీసుకొని చెవికి ఆనించుకున్నడు. చాలాసేపు అట్లనే ఉన్నడు.

"ఇది నడుస్తున్నదా, భాయ్?" అని అడిగిండు.