అమ్మ చేతి మీదుగా వచ్చే రొట్టె

మా ఊళ్లో బాప్తిస్మాలన్నీ మా మామిడితోటలోని నీళ్లతొట్టెలోనే జరుగుతాయి. ముందురోజు పాచి గీకి, కడిగి, మోటారు వేసి నీళ్లు నింపేది మా అమ్మే. వేప్పనపల్లి చుట్టుపక్కలవాళ్లు ఎంతమంది ఆ నీళ్లలో మునిగారో! అమ్మ మాత్రం మునగలేదు. మా ప్రార్థన మందిరంలో బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్లు బొట్టు, తాళి తీసేయాలి. నాన్న యేసును కాదనడు, తోట ఇవ్వడానికీ కాదనడు, తాళి దగ్గరే ఆగిపోతాడు. “నేను బతికుండంగానే బోసి మెడతో తిరుగుతావా?” అన్నాడు. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నేను మునిగాను. బాప్తిస్మం లేకుంటే పిల్లను ఇచ్చేది లేదని అమ్మాయివాళ్లు అన్నారు కాబట్టి మునిగాను. నమ్ముతున్నావా అని పాస్టరుగారు అడిగితే, చలికి పళ్లు కొట్టుకుంటుండగా నమ్ముతున్నానన్నాను. ఆ ఒక్క మాటతో ప్రభువు బల్లకు, అంటే యేసు శరీరమని మందిరంలో పంచే రొట్టెకు, అర్హుణ్ణైపోయాను. బాప్తిస్మం లేనివాళ్లు ఆ రొట్టె తినకూడదు. రోజూ తెల్లవారకముందే లేచి మోకరించే అమ్మ కూడా తినకూడదు.

రొట్టె ఇచ్చే ఆదివారం నెలకోసారి వస్తుంది. హోసూరు నుంచి బండి మీద వెళ్తాను. ఆడవాళ్ల చాప చివర అమ్మ, పక్కనే మగవాళ్ల చాప చివర నేను. పళ్లెం అమ్మ చేతికి వస్తుంది. తను తీసుకోకుండా నాకు అందిస్తుంది. ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతాను. దొంగతిండి తింటున్నట్టే ఉంటుంది.

పోయిన నెల ఉండబట్టలేక పళ్లెం పక్కాయనకు జరిపేశాను. ఇన్నాళ్లకు ఒక నిజమైన పని చేశానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

బయట చెప్పులు వేసుకుంటుంటే అమ్మ నా చేయి పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎందుకప్పా తీసుకోలే?”

“నాకు నమ్మకం లేదమ్మా. నీకుంది. నువ్వు తినకుండా నేనెట్ల తినేది?”

“నీకు నమ్మకం లేకుంటే దేవుణ్ణి నేను అడుక్కుంటా. నా చేత్తో ఇస్తే నువ్వు తింటా ఉంటివి. నేను తిన్నట్టే అనుకుంటా ఉంటిని. ఇప్పుడు అదీ లేకుండా చేసినావు కదప్పా!”

నా మనసు తేలిక చేసుకోవడానికి అమ్మ నోటికాడి ముద్ద లాగేశాను.

ఈ ఆదివారం పళ్లెం మళ్లీ అమ్మ చేతి మీదుగా వచ్చింది. నమ్మకం ఇంకా రాలేదు. అయినా రొట్టె ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అమ్మ నావైపే చూస్తోంది. నేను మింగినప్పుడు ఆమె గొంతు కదిలింది.