వేశాక తుడవాలి

మా ఇంట్లో ఆయుధపూజ అంటే నా సైకిల్‌కి గండమే. అత్తయ్యగారు దానికి పైపుతో తలంటు పోసేవారు. తడి ఆరకముందే చైను నిండా పసుపు, కుంకుమ, ఆపైన దీపాల నూనె ధారగా పోసేవారు. భక్తిలో ఆవిడకు కొలతలుండవు. పూజ చేసినదాన్ని తుడిస్తే అపచారమట, ముట్టుకోనిచ్చేవారు కాదు. కొండపల్లిలో మాది థర్మల్ కేంద్రం బూడిద లారీలు తిరిగే రోడ్డు. ఆ బూడిదంతా నూనెకి అంటుకుని, నెల తిరిగేసరికి చైను మీద నల్లటి ముద్ద పేరుకునేది. దాని కింద తుప్పు. నేను వస్తున్నానని వీధి వీధంతటికీ ముందే తెలిసిపోయేది.

ఈ ఏడాది దసరాకి ముందు చైను పూర్తిగా బిగుసుకుపోయింది. అత్తయ్యగారు తేల్చేశారు.

“ఇంకెందుకమ్మాయ్ ఈ డొక్కు? ఆదివారం పాత సామాన్లవాడొస్తాడు, ఇచ్చేద్దాం. నువ్వెక్కడికెళ్లాలన్నా మావాడు స్కూటర్ మీద దింపుతాడుగా!”

నాకు ఒళ్లు మండింది. దింపడానికి నేనేమైనా పార్సిలా? లైబ్రరీకైనా, కూరగాయలకైనా, ఊరికే కాలువ గట్టు దాకా అయినా ఎవర్నీ అడక్కుండా వెళ్లేది ఆ సైకిల్ మీదే. అది పోతే ఇక ప్రతిదానికీ ఒకరి తీరిక కోసం చూడాలి.

శనివారం పొద్దున్నే కొంగు బిగించాను. పాత టూత్‌బ్రష్‌ని డీజిల్‌లో ముంచి చైను రుద్దాను. ముద్ద వదిలి మొదటి లింకు మెరిసేసరికి సంతోషం పట్టలేక కేక పెట్టాను. లుంగీ గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేశాను. పెడల్ వెనక్కి తిప్పుతూ పైకి కనిపిస్తున్న నూనెంతా తుడిచేశాను.

గుమ్మంలోంచి చూస్తున్న అత్తయ్యగారు ఉండబట్టలేకపోయారు. “అదేంటి, వేసిన నూనె నువ్వే తుడిచేస్తున్నావ్?”

“లోపలికెళ్లింది చాలండీ అత్తయ్యా. పైనుంటే బూడిద పట్టేస్తుంది.”

ఆవిడ మూతి తిప్పుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆదివారం పాత సామాన్లతను వచ్చాడు. అతని రిక్షా మలుపులో ఉండగానే కీచు చప్పుడు మా వంటింట్లోకి వినపడింది. అత్తయ్యగారు బయటికి వచ్చేలోపే నేను సైకిలెక్కాను. గేటు దాటి, రోడ్డు చివరిదాకా తొక్కి, వెనక్కి తిరిగి వచ్చాను. చైను కిక్కురుమనలేదు. గెలిచాను! నవ్వు దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అతను నా చైను వైపు, తన రిక్షా చైను వైపు మార్చి మార్చి చూశాడు.

“ఆ నూనేదో మా బండికీ కాస్త పొయ్యండమ్మగారూ.”

నేను సైకిల్ దిగేలోపే అత్తయ్యగారు మిషను నూనె సీసా తెచ్చి అతని చేతిలో పెట్టారు.

“పొయ్యకూడదు బాబూ, చుక్కే వెయ్యాలి. వేశాక తుడవాలి. లేకపోతే బూడిద పట్టేస్తుంది.”