మా తేలుకు నేను రాసిన సర్వీసు పుస్తకం

ఒక తేలు వయసు తప్పుగా లెక్కగట్టి, ఇంటిల్లిపాదినీ గిన్నెలు చెంబులతో సహా పాతబస్తీలోని యాకుత్‌పురా సందులో నిలబెట్టబోయిన మహానుభావుణ్ణి నేను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు కదా, నాకూ అన్నీ తెలుసు.

డెబ్బయిల మధ్య సంగతి ఇది. ఓ సర్కారీ కార్ఖానాలో గుమాస్తాగా చేరి ఏడాదయింది. పనివాళ్ల సర్వీసు పుస్తకాలు చూడడం నా పని. వాళ్లలో సగంమందికి పుట్టిన తేదీ తెలియదు. అడిగితే "మా ఊళ్ల చెరువు తెగిన యాడాది పుట్టిన సారూ" అనేవాళ్లు. డాక్టరు పళ్లు చూసి ఒక వయసు చెప్పేవాడు, నేను దాన్ని పుస్తకంలోకి ఎక్కించేవాణ్ణి. కొన్నాళ్లు ఆ పని చేసేసరికి, డాక్టరు అవసరం లేదు, నడక చూసి ఎవరి వయసైనా చెప్పేస్తానని నాకొక నమ్మకం కుదిరింది. నన్ను ముంచింది ఆ నమ్మకమే.

తేలు జహనుమా బస్తీలో దొరికింది. స్నేహితుడి ఇంటి పునాదికి రాళ్లు ఎత్తుతుంటే అరచెయ్యంత నల్లతేలు బయటికి వచ్చింది. అందరూ చెప్పులు తీశారు. దాని ఠీవి చూసి నాకు మాత్రం చంపబుద్ధి కాలేదు. మిఠాయి దుకాణం గాజుసీసా ఒకటి సంపాదించి, ఇసుక పోసి, రాయి పెట్టి, మూతకు చిల్లులు పొడిచి ఇంటికి తెచ్చాను. పేరు పహిల్వాన్. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వంటింటి మోరీ దగ్గర బొద్దింకను పట్టి, "నీ పహిల్వాన్‌కు నాష్త" అంటూ తనే తెచ్చి ఇచ్చింది.

ఆఫీసులో పారేసిన కాగితాలు కుట్టి దానికో సర్వీసు పుస్తకం కూడా తయారుచేశాను. హోదా, బొద్దింకల ఇన్‌స్పెక్టరు. లింగం, పురుషుడు. ఈ రెండో సంగతి నాకెవరు చెప్పారని మాత్రం అడక్కండి.

నాలుగో నెలలో ఇన్‌స్పెక్టరు గారి పని మందగించింది. ఒకప్పుడు బొద్దింక పడితే రెప్పపాటులో పట్టేవాడు, ఇప్పుడు అది మీదినుంచి నడిచిపోయినా పట్టించుకోడు. నడక తగ్గింది. పొట్ట పెరిగింది. మూలకు కూర్చుంటాడు, సీసా ముట్టుకుంటే చాలు తోక లేపి కస్సుమంటాడు. మా ఆఫీసులో రిటైర్మెంటుకు ఆర్నెల్లున్న పెద్దమనిషి ఒకాయన అచ్చం ఇలాగే ఉండేవాడు. ఇంకేం, పుస్తకంలో 'వృద్ధాప్య లక్షణములు' అని ఒక పేజీ తెరిచి అన్నీ వరసగా రాసుకున్నాను. మా బాపు చదివి, "వాని వయసు సరే, నీ బుద్ధి వయసు గూడ అండ్లనే రాసి పెట్టు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఖాలా కంట పడ్డాం. ఖాలా అంటే మా ఇంటి ఓనరమ్మ. ఒకే వాకిలి, అటు రెండు గదుల్లో ఆమె, ఇటు రెండు గదుల్లో మేము. ఆమె మంత్రసాని. ఆ గల్లీలో నలభై ఏళ్లలోపు వాళ్లంతా మొదటిసారి ఏడ్చింది ఆమె చేతుల్లోనే. ఒక మధ్యాహ్నం అమ్మకు షీర్‌ఖుర్మా గిన్నె ఇవ్వడానికి వచ్చి, కిటికీలో సీసా చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇది నా ఇంట్ల ఎప్పటిసంది ఉంది?"

"నాలుగు నెలలైతుంది, ఖాలా."

"జుమ్మా లోపల అది పోవాలె. లేకుంటె మీరు పోవాలె."

శుక్రవారానికి ఎన్ని రోజులుందో అమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది. ఇంట్లోనే నల్లా ఉన్న ఇల్లది. అంతకుముందు పదేళ్లు వీధి నల్లా దగ్గర బిందెతో వరసలో నిలబడి, లొల్లి పెట్టుకుని నీళ్లు తెచ్చిన మనిషి అమ్మ. ఆ నల్లా పోతే నన్ను జన్మలో క్షమించదు. నాకు నిజంగా భయమేసింది. పరుగెత్తి సర్వీసు పుస్తకం తెచ్చి ఖాలాకు లక్షణాలన్నీ చదివి వినిపించాను. పాపం ముసలివాడైపోయాడు, తిండి లేదు, నడక లేదు, చివరి రోజులు, ఇప్పుడెక్కడికి పోతాడు అని గొంతు కూడా కాస్త వణికించాను.

ఖాలా మెత్తబడింది. ముసలివాళ్లను వెళ్లగొట్టడం ఆమెకు చేతకాదు.

"ఎన్ని దినాలు ఉంటడు?"

"పదిహేను. కావాలంటె రాసిస్త."

రాసిచ్చాను కూడా, కింద సంతకం పెట్టి.

ఇక ఆ పదిహేను రోజులు నేను చేసిన సేవ ఏ కొడుకూ తండ్రికి చేసి ఉండడు. పళ్లు లేని వాడికి పెట్టినట్టు బొద్దింకను ముక్కలు చేసి పెట్టాను. తడిపిన దూది పరిచాను. ముసలిప్రాణానికి గాలి ఆడాలని పగలంతా మూత తీసి ఉంచాను. అది బయటికి రాకపోవడం ఇంటిల్లిపాది అదృష్టం. రోజూ పొద్దున గోడ అవతలినుంచి ఖాలా గొంతు వినిపించేది, ఉన్నడా, పోయిండా అని. ఉన్నాడని చెప్పడానికి నాకు రోజురోజుకూ సిగ్గయ్యేది. అమ్మ అయితే నల్లా కింద బిందె పెట్టినప్పుడల్లా నావైపు ఒక చూపు చూసేది.

పదిహేనో రోజు పొద్దున సీసాలోకి చూస్తే నా ప్రాణం లేచివచ్చింది. పహిల్వాన్ వీపంతా తెల్లబడింది. రాత్రికి రాత్రే నెరిసిపోయాడు. ఇంతకన్నా రుజువేం కావాలి? పుస్తకంలో 'కేశములు పూర్తిగా నెరిసినవి' అని రాసి, ఇక ఇయ్యాలో రేపో అని చెప్పి, ఖాలాను నేనే స్వయంగా పిలుచుకొచ్చాను. అమ్మ, బాపు కూడా వచ్చి నిలబడ్డారు.

ఖాలా కళ్లద్దాలు పెట్టుకుని సీసా మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"బేటా, నెరిసిన వెంట్రుకలకు కాళ్లుంటయా?"

నేనూ వంగి చూశాను. తెల్ల వెంట్రుకలు కదులుతున్నాయి. ఒక్కోదానికి బియ్యపుగింజంత ఒళ్లు, ఇంత తోక. ఒకటి జారిపడి, తల్లి కాలు పట్టుకుని మళ్లీ పైకి ఎక్కుతోంది.

"నువ్వు చెప్పిన తాత ఈయననా?" అంది ఖాలా. "ఇది జచ్చా ఉంది. బాలింత. ముందే దగ్గరికి తెచ్చి చూపిస్తే పొట్ట చూసి నెలలు గూడ చెప్తుంటి గదా."

బాపు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. అమ్మ నవ్వలేదు. ఒక్క తేలుకే ఇల్లు ఖాళీ చెయ్యమన్న మనిషి, ముప్ఫై తేళ్లను చూసి ఏమంటుంది? మాట రాకముందే లోపలికి వెళ్లి అటకమీది గిన్నెలు దించడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఖాలా ఆ చప్పుడు విని గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"గిన్నెలెందుకు దించుతున్నవ్, బెహన్? కాన్పయిన దాన్ని చిల్లా తీరకముందు బయటికి పంపిందన్న పేరు నాకు వద్దు."

చిల్లా అంటే నలభై రోజులు. బాలింత ఆ నలభై రోజులూ గడప దాటకూడదు. వేల కాన్పులు చేసిన చేతులవి, ఆ నియమం మనిషికే గానీ తేలుకు కాదని అనడానికి ఆమెకు మనసొప్పలేదు. వెంటనే హుకుములు మొదలయ్యాయి. మూత పెట్టాలి, సీసా చీకటి మూలన ఉంచాలి, పిల్లలు తల్లి వీపు దిగేదాకా ఎవరూ తొంగిచూడకూడదు, దిష్టి తగులుతుంది. చివరికి నావైపు తిరిగి, మంత్రసానికి చీర పెట్టడం రివాజు అని గుర్తుచేసింది. కాన్పు చేసింది మీరు కాదు కదా అన్నాను నేను. కన్నది తాతో తల్లో కూడా తెలియని వాడివి నువ్వు మాట్లాడకు అంది. చీర పెట్టాం, ఆకుపచ్చది.

నలభై రోజులు తీరిన ఆదివారం, ఫలక్‌నుమా అవతల రాళ్లగుట్ట మీద తల్లినీ పిల్లలనూ వదిలిపెట్టాం. నల్లా మాకే మిగిలింది. తిరిగి వస్తూ అమ్మను అడిగాను, ఇంత దగ్గరగా చూస్తూ నువ్వయినా పోల్చలేదా అని.

"అనుమానమైతే వచ్చింది బిడ్డా. నాకు గూడ గట్లనే ఉండె. తిండి సయించకపోయేది, నడక సాగకపోయేది, ఎవరు పలకరించినా కస్సుమంటుంటి."

"మరి నాకెందుకు చెప్పలే? నేనెన్నడు నిన్నట్ల చూడలేదాయె."

"నువ్వెట్ల చూస్తవు? అప్పుడు నువ్వు లోపల ఉంటివి."

కనుక ఓ పాఠకులారా, సర్కారీ గుమాస్తాగా ముద్ర వేసి మరీ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ప్రాణి మెల్లగా నడిచినా, తిండి వద్దన్నా, నన్ను చూసి కస్సుమన్నా, ముసలిదైపోయిందని ఒక్క అక్షరం రాయను. ముందు వెళ్లి మా అమ్మను అడుగుతాను.