నల్లకుక్క ఆగిన మలుపు

మా ఆయన టెక్సస్‌లోని ప్లేనోలో ఇల్లు చూశారు. ఆఫీసుకు దగ్గర, పక్క వీధిలోనే ఇండియన్ స్టోర్. శుక్రవారం ఫోన్ చేసి, "కొంటామని ఆదివారం సాయంత్రంలోగా ఆఫర్ పెట్టాలట. నువ్వు ఓకే అంటేనే పెడతాను, లేదంటే వదిలేద్దాం" అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. వద్దని చెప్పాలని అప్పటికే అనుకున్నాను.

ఇక్కడ మిన్నసోటాలో ఉద్యోగం పోయి, టెక్సస్‌లో దొరికి, ఆయన అక్కడికి వెళ్ళి ఏడాది దాటింది. నాకు ఇక్కడ ఉద్యోగం ఉంది, మంచు ఉంది, రెండు కుక్కలున్నాయి. నువ్వెందుకు వెళ్ళలేదని ఎవరడిగినా ఇదే గడగడా ఒప్పజెప్పేదాన్ని. ఆయన లేని ఇల్లు ఎలా ఉందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫోన్లో రోజూ "బాగానే ఉన్నాను" అని ఎంత బాగా అనేదాన్నంటే, పాపం, ఆయన నమ్మేశారు.

కుక్కల పిచ్చి మొదట ఆయనదే. స్కిజోరింగ్ కూడా ఆయన తెచ్చిపెట్టిన తంటానే. కాళ్ళకు స్కీలు తొడుక్కుని, నడుముకు బెల్టు కట్టుకుని, దానికున్న సాగే తాడును కుక్క ఒంటి పట్టీలకు తగిలిస్తే, అది లాగుతుంటే మనం మంచు మీద జారుతూ పోతాం. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు, "ఆదివారం పూట ఇడ్లీలు తిని పడుకోక ఇదేం ఖర్మండీ" అన్నాను. మరుసటి శీతాకాలానికి ఆయన్ని పొద్దున్నే లేపేది నేనే. నల్లకుక్కతో ఆయన ముందు, ఎర్రకుక్కతో నేను వెనక. ఎక్కడో ఒకచోట నేను పడేదాన్ని. పడి, "ఏమండీ!" అని కేక పెట్టేదాన్ని. ఆయన వెనక్కి వచ్చి లేపేవారు. ఇద్దరం ఒకే కాలేజీలో చదువుకున్నాం, అయినా పెళ్ళయ్యాక ఆయన పేరు నా నోట రాదు. ఆఫీసులో పెద్ద బాసును పేరు పెట్టి పిలుస్తాను, మొగుణ్ణి మాత్రం ఏమండీ.

ఆ ఆదివారం పొద్దున రెండు కుక్కల్నీ కారెక్కించుకుని ఉత్తరాన ఉన్న అడవి దారికి వెళ్ళాను. ఒకదాన్ని ఇంట్లో వదిలితే వీధంతా లేచేలా ఏడుస్తుంది కాబట్టి, ఆయన వెళ్ళినప్పటి నుంచి రెంటినీ నా నడుముకే కట్టుకుంటున్నాను. రెండు కుక్కల బలం నాకు ఎక్కువే. అయినా చాలా దూరం బాగానే పోయాం. ఒకచోట నోట్లో ఏదో కరచుకున్న నక్క మమ్మల్ని లెక్కచేయకుండా దారి దాటింది. "చూశారా?" అన్నాను పైకే. ఎవరితో అన్నానో తెలిసి సిగ్గేసింది. అందమైనదేది కనబడినా ముందు ఆ మాటే వస్తుంది నాకు, ఆ తర్వాత చాలాసేపు ఏదీ అందంగా కనిపించదు.

మలుపు తిరగ్గానే దారి మధ్యలో మూస్ నిలబడి ఉంది. దుప్పి జాతిలో అన్నిటికన్నా పెద్దది, గుర్రం కన్నా ఎత్తు. అటూ ఇటూ నడుములోతు మంచు. గట్టిగా ఉన్నది ఆ దారి ఒక్కటే, కాబట్టి అది తప్పుకోదు. కుక్కల్ని చూసి తోడేళ్ళనుకుంటుందని, మీదికొచ్చి తొక్కేస్తుందని ఇక్కడ అందరూ చెబుతారు. దాని చెవులు వెనక్కి వాలాయి, మెడ మీద జుట్టు లేచింది. నా కుక్కలకు అదేం పట్టలేదు, దాని మీదికే దూసుకుపోయాయి. "స్టాప్! స్టాప్!" అని అరిచాను. నేర్పిన మాట అదే, ఒక్కటీ వినలేదు. స్కీలు అడ్డం పెట్టబోయి పక్కకు పడ్డాను. పడినదాన్ని పడినట్టే ఈడ్చుకుపోతున్నాయి. బెల్టు నుంచి తాడును విడిపించే కొక్కెం ఒకటి ఉంటుంది. అది లాగితే నేను బతుకుతాను, కుక్కలు మూస్ కాళ్ళ కిందికి పోతాయి. చెయ్యి రాలేదు. భయంతో నోటికొచ్చిందే అరిచాను.

"ఏమండీ!"

నల్లకుక్క టక్కున ఆగింది. అది ఆగేసరికి ఎర్రది కూడా నిలబడక తప్పలేదు. ఇన్నేళ్ళూ నేను పిలిచింది ఆయన్నే అనుకున్నాను. ఆ కేక వినబడితే ఆగాలని, ఆగితే ఆయన వెనక్కి వెళ్ళి వస్తారని అది ఎప్పుడో నేర్చుకుంది. మేం గమనించలేదు, అంతే.

పడినచోటే ఊపిరి బిగబట్టి ఉండిపోయాను. మూస్ మమ్మల్ని చూస్తూ చాలాసేపు నిలబడింది. మెల్లగా దాని చెవులు పైకి లేచాయి. చివరికి విసుగు పుట్టినట్టు దారి దిగి, పొడుగు కాళ్ళతో మంచును దాటుకుంటూ చెట్లలోకి పోయింది.

లేచి, ఒళ్ళు దులుపుకుని "పద" అన్నాను. ఎర్రకుక్క సిద్ధమే. నల్లది కదలదు. వెనక్కి తిరిగి, నన్ను దాటి, మేం వచ్చిన దారి వైపు చూస్తోంది. తోక ఊపుతోంది.

"రారురా. ఆయన ప్లేనోలో ఉన్నారు" అన్నాను మెడ నిమురుతూ.

దానికి ప్లేనో ఏం తెలుసు. చూస్తూనే ఉంది. దాంతోపాటు నేనూ చూశాను. నా స్కీల గీతలు తప్ప దారి మీద ఏమీ లేదు. ఎవరూ రారని తెలిసి కూడా చూశాను. "పద" అని మళ్ళీ అనడానికి నాకు మనసొప్పలేదు. అక్కడే కూలబడి, దాన్ని పట్టుకుని గట్టిగా ఏడ్చాను. ఆయన కావాలి నాకు. ఏడాదిగా ఆయన మీద ఇంత బెంగ పెట్టుకుని, మంచు గురించీ ఉద్యోగం గురించీ మాట్లాడుతూ వచ్చాను.

కారు దగ్గరికి చేరి, వేళ్ళు వెచ్చబడ్డాక ఫోన్ చేశాను. ముందు మూస్ సంగతి చెబుదామనుకున్నాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఏం ఆలోచించావు? ఆఫర్ పెట్టొద్దనే కదా? పర్లేదు, నేను రియల్టర్‌కి చెప్పేస్తా."

నా జవాబు ఆయనకు ముందే తెలిసినట్టు, నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు, తేలిగ్గా అన్నారు. వెనక సీట్లో కుక్కలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. వాటి ఒంటి మీది మంచు కరిగి సీటంతా తడిసింది.

"ఆ ఇంటి బ్యాక్‌యార్డ్‌లో నీడ ఉందా అండీ? వీటికి ఎండ పడదు" అన్నాను.



"ఒక్క చెట్టే ఉంది, చిన్నది" అన్నారు. "నిజంగా వస్తావా?"