సారు కోసం తెచ్చిన స్టీరియో రికార్డు

శుక్రవారం సాయంత్రం సికింద్రాబాద్ నుంచి వచ్చి జనగామ స్టేషన్ బయట అడుగుపెట్టగానే, మా వాడకట్టు రిక్షా అతను "సారు పోయిండక్కా" అన్నాడు. మా పక్కింటి ఇంగ్లీషు సారు. దుఃఖం కన్నా ముందు నాకు భయమేసింది. రెండేళ్లుగా ఆయన్ని ఒక మాట అడగాలనుకుంటూ అడగలేకపోయాను. ఇక అడిగేదెవరిని?

అరవై తొమ్మిది ఉద్యమంలో బళ్లు మూతపడితే సారు మమ్మల్ని ఇంటికి పిలిచి చదువు చెప్పేవారు. పాఠం అయ్యాక జాజ్ రికార్డు పెట్టేవారు. అమెరికా నల్లవాళ్ల సంగీతం, బాకాలూ డ్రమ్ములూ. వాడకట్టంతా ఆయన్ని బాకాల సారు అనేది.

నాకు సికింద్రాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, మళ్లీ విడుదలైన పాత ఆల్బమ్‌లు చూసొచ్చి చెప్పే పని నాది. "అట్ట సూసి ఆగం కాకు బిడ్డా. ఎన్కకు తిప్పి, ఎవరు వాయించిండ్రో, ఎప్పుడు వాయించిండ్రో సదువు. అది రాయనోడు ఏందో దాస్తున్నట్టే" అనేవారు. పది చూస్తే ఒకటి కొనేవారు.

రెండేళ్ల కిందట ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిదీ ఎక్కువ కాలం ఉండదని దవాఖానలో చెప్పారు. మానుకోటలో పనిచేసిన రోజుల్లో కొన్న ఆల్బమ్ అరిగిపోయింది, చెవి ఉండగానే కొత్తది తెమ్మన్నారు. దుకాణంలో రెండు రకాలున్నాయి. వెలిసిన అట్టలో మోనో, మెరిసే అట్టలో స్టీరియో. "మోనో ఇప్పుడెవరు కొంటున్నరమ్మా?" అన్నాడు దుకాణదారు. అట్ట చూసి నేను ఆగమయ్యాను, మెరిసేదే కొన్నాను.

రైలు ఆలేరు దాటాక నా తప్పు తెలిసొచ్చింది. మోనో అయితే రెండు స్పీకరు డబ్బాల్లోనూ ఒకటే శబ్దం. స్టీరియోలో బాకా ఒక డబ్బాలో, పియానో మరో డబ్బాలో పలుకుతాయి. సారు కుర్చీకి అటొకటి, ఇటొకటి డబ్బాలు. సగం పాట చెవిటి వైపే పోతుంది. మరునాడు పరుగున వెళ్తే ఆ మోనో అమ్ముడుపోయింది.

చేసేది లేక ఆ స్టీరియోనే ఇచ్చాను. వారం తర్వాత "మంచిగున్నది బిడ్డా, మస్తు విన్న" అన్నారు. నన్ను నొప్పించలేక అన్నారనుకున్నాను. నిజంగా పాటంతా వినబడిందా అని అడగలేక, అప్పటి నుంచి రికార్డుల మాటొస్తే తప్పించుకు తిరిగాను.

నిన్న సారు భార్య, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె, నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్లింది. రెండు డబ్బాలూ కుర్చీకి కుడివైపే, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"నువ్వు ఆ రికార్డు తెచ్చిన్నాటి సంది గట్లనే పెట్టుకున్నడు. ఊడ్వనీకి జర జరిపితే కొట్లాటే" అంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. కుర్చీకి ఎడమవైపు, ఇదివరకు డబ్బా ఉన్న చోట, నలుచదరంగా ఇంత గచ్చు అరగకుండా కొత్తగా మెరుస్తోంది.