బంద్ నాడు చేసిన సర్వే

2011లో, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, నేను మాదాపూర్‌లో ఒక చిన్న ఆఫీసు పెట్టుకుని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్ ప్రపోజల్స్ రాసిపెట్టేదాన్ని. అంతకుముందు మియాపూర్ వైపు ఒక ఎంబీఏ కాలేజీలో బిజినెస్ స్టాటిస్టిక్స్ చెప్పాను. గ్రాంట్ ప్రపోజల్ అంటే మరేం లేదు. మేం ఫలానా పని చేస్తాం, ఫలానావాళ్ళకు మేలు జరుగుతుంది, ఇదిగో ఆధారం, నిధులివ్వండి అని అడిగే పత్రం. చాలామంది మొదటి రెండూ కళ్ళనీళ్ళు పెట్టించేలా రాస్తారు, ఆధారం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతారు. నా చేత చీవాట్లు తినేది అక్కడే.

సరోజగారిది మెదక్ జిల్లా. మణికొండ అవతల భవన నిర్మాణ కూలీల గుడిసెల పక్కన, ఒక రేకుల గదిలో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడిపేవారు. పొద్దున తల్లులు పనికి పోతూ పిల్లల్ని ఆవిడకు అప్పగిస్తే, చీకటిపడే వేళకి తీసుకుపోయేవారు. గది చిన్నది, పిల్లలు చాలామంది, అందరికీ చోటు లేదు. పైగా అప్పటిదాకా సాయం చేస్తున్న దాత మానుకున్నాడు. కొత్త గ్రాంట్ రాకపోతే నెలాఖరుకి ఆ గది కూడా ఖాళీ చేయాలి.

అప్పుడే హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఫౌండేషన్ దరఖాస్తులు పిలిచింది. నీడ్ అసెస్‌మెంట్ తప్పనిసరి అంది. అంటే, ఈ సాయం నిజంగా అవసరమని లెక్కలతో చూపించాలి. సరోజగారికి తెలిసిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు రవికిరణ్ తన స్నేహితులతో కలిసి గుడిసె గుడిసెకీ తిరిగి సర్వే చేసి, ఫలితాలు ముచ్చటైన రంగుల గ్రాఫులతో పంపాడు. తెరిచి చూశాను. దాదాపు పిల్లలందరూ పగటిపూట తల్లి దగ్గరే ఉన్నారు. అలాంటప్పుడు కేంద్రం ఎవరికోసం?

సరోజగారిని పిలిచి ఉన్నమాట చెప్పేశాను. "ఈ లెక్కతో వెళ్తే మనమే మన దరఖాస్తు కొట్టేసుకున్నట్టండి. తల్లులు ఇంట్లోనే ఉంటున్నారట కదా."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మేడం, మీరు గుంటూరు దిక్కోళ్ళు గద. మా పరేషాన్ మీకెట్ల తెలుస్తది? ఒక్కసారన్న గుడిసెలకాడికి వచ్చి చూసిండ్రా?"

నాది తెనాలి. ఆ రోజుల్లో ఆ మాట ఎవరన్నా చురుక్కుమనేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. "మా ఊరి సంగతి తర్వాత చూద్దాం. రేపు పొద్దున్నే వస్తున్నాను, చూపించండి," అన్నాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి గుడిసెలు బోసిగా ఉన్నాయి. ఆడవాళ్ళను ఎక్కించుకుని ట్రాక్టర్లు ఎప్పుడో వెళ్ళిపోయాయి. బడికి పోవాల్సిన పిల్ల ఒకతి చంకలో తమ్ముణ్ణి వేసుకుని నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. కాస్త దూరంలో కడుతున్న భవనం దగ్గర ఇసుక కుప్ప మీద ముగ్గురు పసివాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్క నుంచే ఇటుకల లారీ వెనక్కి వస్తోంది. ఒక మేస్త్రీ అరిచి వాళ్ళను పక్కకి లాగాడు. అది అక్కడ రోజూ జరిగేదే అన్నట్టు మళ్ళీ పనిలో పడ్డాడు.

"మరి సర్వే చేసిననాడు ఇంతమంది తల్లులు ఎక్కణ్ణుంచి వచ్చారండి?" అని సరోజగారిని అడిగాను.

"రవికిరణోళ్ళు బంద్ నాడు వచ్చిండ్రు గద మేడం. ఆ దినం పని బంద్, నా సెంటర్ గూడ బంద్. నేను ధర్నాల కూసున్న. ఇగ తల్లులు ఇంటికాడ ఉండక యాడికి పోతరు?"

అప్పటికి నాకు వెలిగింది. బంద్ రోజు ఐటీ ఆఫీసులు సెలవిచ్చి, బదులుగా శనివారం పని చేయించుకునేవి. రవికిరణ్ బృందానికి దొరికిన తీరిక ఆ ఒక్కరోజే. బస్సులు లేకపోయినా మణికొండ ఫ్లాట్ల నుంచి నడిచి వచ్చి, బిడ్డ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో చూసి, ఉన్నది ఉన్నట్టు టిక్ పెట్టుకున్నారు. దీన్నే మేం శాంప్లింగ్ బయస్ అంటాం. ఎవరిని, ఎప్పుడు అడిగామన్నదాన్ని బట్టి జవాబు ఒక పక్కకి ఒరిగిపోవడం. క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం, లారీ శబ్దం మధ్య నిలబడితేగాని కళ్ళకు కనబడలేదు.

రవికిరణ్‌కి ఫోన్ చేశాను. పాపం, నీరుగారిపోయాడు. "కానీ మేడం, శాంపిల్ సైజు పెద్దదే కదండీ?"

"పెద్దదే నాయనా. ఒకే రోజున ఎంతమందిని అడిగినా అది ఒకే రోజు."

అతను సెలవు పెట్టి వచ్చాడు. పని ఉన్న రోజు, ట్రాక్టర్లు కదలకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అవే గుడిసెలు మళ్ళీ తిరిగాం. పాత డేటా పారేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అవే కుటుంబాలు, అదే ప్రశ్న, మారింది రోజు ఒక్కటే. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే, పని తల్లిని తీసుకుపోగానే బిడ్డ అక్క చంకలోకో ఇసుక కుప్ప మీదికో చేరుతుందని ఎవరికైనా అర్థమవుతుంది. అంతకు మించిన ఆధారం నేను ఎంత వెతికినా దొరికేది కాదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఆ ఉద్యమ వేడిలో బంద్ అనే మాట కంపెనీవాళ్ళకు రుచిస్తుందా? 'పని లేని రోజు' అని రాద్దామనుకున్నాను. సరోజగారు ససేమిరా అన్నారు. "బంద్‌ను బంద్ అనే రాయుండ్రి మేడం. దాచేటందుకు మనమేం దొంగతనం జేసినమా?" అలాగే రాశాను.

ఇంటర్వ్యూలో ఫౌండేషన్ మేనేజర్ సరిగ్గా ఆ రెండు లెక్కల పట్టిక మీదే వేలు పెట్టాడు. "బంద్ వచ్చినప్పుడల్లా మీరు సెంటర్ మూసేస్తారా అండీ? మా డబ్బుతో నడిచే సెంటర్ మూతపడితే ఎలా?"

సరోజగారు తొణకలేదు. "బంద్ నాడు తల్లి ఇంటికాడ ఉంటది సార్. ఆ దినం బిడ్డకు నాతోని ఏం పని? తల్లి పనికి వోయిన దినం నా తలుపు మూసి ఉంటే అడుగుండ్రి, జవాబు చెప్త."

మేనేజర్ పట్టిక మరోసారి చూసుకుని పేజీ తిప్పాడు. గ్రాంట్ వచ్చింది. గది నిలిచింది, దాని పక్కన ఇంకో గది తోడైంది.

కొత్త గది తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. పాలమూరు నుంచి వచ్చిన బాలమణి తన రెండేళ్ళ పాపను అప్పగిస్తోంది. పాప కొంగు వదలకుండా ఏడుస్తోంది. రోజూ ఇంతేనా అని అడిగాను.

"దినాం ఇంతే మేడం. బంద్ నాడొక్కటే ఏడ్వది. ఆ దినం నాకు కూలి రాదు గని, పిల్ల నా ఒళ్ళకెల్లి దిగదు."

మా మొదటి సర్వేలో బాలమణి పేరు ఎదురుగా 'తల్లి దగ్గర' అని టిక్ ఉంది. పట్టికలో వాడుకున్నా, దాన్ని ఇన్నాళ్ళూ తప్పుడు డేటా అనే అంటూ వచ్చాను. ఆ మాట విన్నాక మళ్ళీ అనలేకపోయాను. ఇప్పటికీ ఎవరు సర్వే తెచ్చినా, ఎంతమందిని అడిగారన్నది తర్వాత చూస్తాను. ముందు ఏ రోజు అడిగారో కనుక్కుంటాను. ఆ రోజు ఇంట్లో ఉండటానికి వాళ్ళు ఏం పోగొట్టుకున్నారో కూడా అడుగుతాను.