స్పీకర్‌లో వినిపించిన నరేష్ గొంతు

ఈ రోజు కొత్తగూడలో మా పాత కస్టమర్, పళ్ల డాక్టరు గారి క్లినిక్‌కి వెళ్లాను. అక్కడ అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ మా చిన్న కంపెనీదే. రెన్యువల్ గురించి మాట్లాడుతుండగా ఆవిడ ఫోన్ మోగింది. బల్ల మీదే ఉంచి స్పీకర్ నొక్కారు.

"నమస్తే మేడమ్, నేను నరేష్‌ని. ఇప్పుడు వేరే కంపెనీల చేస్తున్న. ఆ పాత కంపెనీ ఇగ ఎక్కువ రోజులు నడ్వదు మేడమ్. మా దాంట్లకు మారుండ్రి, డేటా అంత నేనే మార్చిస్త."

నరేష్ మొన్నమొన్నటిదాకా మా దగ్గరే పనిచేశాడు. ఆవిడకు అతన్ని పరిచయం చేసింది కూడా నేనే. ఉండబట్టలేక, "నరేష్, నేనిక్కడే ఉన్నాను" అన్నాను.



"సార్... టార్గెట్ పెట్టిండ్రు సార్. నన్నేం జెయ్యమంటరు?" అని ఫోన్ పెట్టేశాడు.

కోపం కన్నా ముందు జాలి కలిగింది. అది నాకే నచ్చలేదు. ఇంతలో డాక్టరు గారు మెల్లగా అడిగారు. "నిజంగానే మూసేస్తున్నారా అండీ?"

లేదని ఎంత చెప్పినా, చివరికి "ఆలోచించి చెప్తాను" అనే అన్నారు.

కస్టమర్ పోతే ఇంకొకరిని వెతుక్కోవచ్చు. కానీ నిక్షేపంగా నడుస్తున్న కంపెనీ నడుస్తోందని నమ్మించడం ఎలాగో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.